ట్యాబు చేతికిచ్చాం, ఆరా తీయడం ఎవరు నేర్పుతారు?

పల్లెల్లో పిల్లల చదువులు ఎలా ఉన్నాయో ఇల్లిల్లూ తిరిగి తేల్చే అసర్ సర్వే, 2024లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని సెల్‌ఫోన్ గురించి కూడా అడిగింది. దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. 82 శాతం మందికి దాన్ని వాడటం వచ్చు. వాళ్లలో సర్వేకు ముందు వారంలో చదువు పని మీద ఫోన్ పట్టుకున్నవాళ్లు 57 శాతమైతే, సోషల్ మీడియా కోసం పట్టుకున్నవాళ్లు 76 శాతం. ఈ అంకెలు చూపించి పిల్లలు పాడైపోతున్నారని వాపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం వీటిలో ఇంకో సంగతి కనబడుతోంది. ఫోన్ నొక్కడం ఈ పిల్లలకు ఏ బడీ నేర్పలేదు, అయినా వచ్చేసింది. ఆ ఫోన్‌లో కనబడిన మాట ఎవరన్నారు, దేనికన్నారు, ఇంకెవరైనా అదే చెబుతున్నారా అని ఆరా తీయడం మాత్రం ఎంత చురుకైన పిల్లకైనా దానంతటది రాదు. బడి నేర్పాల్సింది, గ్రంథాలయం నేర్పాల్సింది అదే. మనం మాత్రం వచ్చేసినదాన్నే మళ్లీ మళ్లీ నేర్పుతూ, రానిదాన్ని గాలికొదిలేశాం.

డిజిటల్ విద్య అనగానే మన ప్రభుత్వాలకు ముందుగా తోచేది పరికరం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఏ రాష్ట్రంలోనైనా ఈ వరస పెద్దగా మారదు. పేద పిల్లల చేతికి పరికరం అందడం మంచిదే, దాన్ని తప్పు పట్టడం లేదు. అయితే పరికరం ఒక్కటే ఏమేరకు చదువు చెప్పగలదో తెలుసుకోవడానికి మనం కొత్తగా ప్రయోగాలు చేయక్కర్లేదు. పెరూ దేశం పిల్లవాడికొక ల్యాప్‌టాప్ పథకం కింద లక్షల సంఖ్యలో కంప్యూటర్లు పంచింది. ఆ దేశపు పల్లెల్లోని 319 ప్రాథమిక పాఠశాలల్ని పరిశోధకులు పరిశీలించి 2012లో ఫలితం ప్రకటించారు. కంప్యూటర్లు బడికి చేరాయి, పిల్లలు వాటిని బాగానే వాడారు. లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు మాత్రం కదల్లేదు. టీచర్ ఏం చేయాలో, ఏ పాఠంలో ఎలా వాడాలో చెప్పకుండా పెట్టె పంపితే పెట్టె పెట్టెగానే మిగిలిపోతుందన్నది పెరూ డబ్బు పోసి నేర్చుకున్న పాఠం.

ఈ కాలం పిల్లలు చురుకైనవాళ్లు, పుట్టుకతోనే ఫోన్‌తో పెరిగారు, నిజమేదో అబద్ధమేదో వాళ్లే కనిపెట్టుకుంటారని ఒక వాదన ఉంది. పెద్దవాళ్లకు రీఛార్జి చేసిపెట్టేదీ, బ్యాంకు యాప్ తెరిచిపెట్టేదీ ఇంట్లో పిల్లలే కాబట్టి ఈ మాట నమ్మబుద్ధేస్తుంది. కానీ పరీక్ష పెట్టి చూసినప్పుడల్లా ఇది వీగిపోతోంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన అధ్యయనం 2017లో బయటికొచ్చింది. వాళ్లు 45 మందిని ఎంచుకున్నారు. 10 మంది చరిత్రలో డాక్టరేట్ ఉన్నవాళ్లు, 10 మంది వార్తల్లో నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్న ఫ్యాక్ట్ చెకర్లు, మిగతా 25 మంది ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకుంటున్న విద్యార్థులు. అందరికీ రెండు వెబ్‌సైట్లు చూపించి, పిల్లల ఆరోగ్యం విషయంలో ఏది నమ్మదగిందో చెప్పమన్నారు. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. పిల్లల డాక్టర్లకు అదే అతిపెద్ద సంఘం, వేలాది మంది సభ్యులున్నారు. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్. పేరు దాదాపు అలాగే ఉన్నా, ఇది 2002లో కొన్ని సామాజిక అభిప్రాయాల దగ్గర విభేదించి విడిపోయిన చిన్న బృందం. చదువులో మెరికలనదగ్గ విద్యార్థుల్లో సగానికి పైగా ఈ రెండోదే నమ్మదగిందన్నారు. డాక్టరేట్లు ఉన్నవాళ్లు కూడా కొందరు తడబడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లలో ఒక్కరూ పొరబడలేదు.

తేడా తెలివిలో లేదు, పద్ధతిలో ఉంది. విద్యార్థులు ఆ పేజీ మీదే కూర్చున్నారు. పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివారు, లోగో చూశారు, వెబ్‌సైట్ చిరునామా చివర ఏముందో చూశారు, కింద ఆధారాల పట్టిక ఉందా అని చూశారు. అవన్నీ వెబ్‌సైట్ పెట్టినవాడు తనకు కావలసినట్టు అమర్చుకోగలిగినవే. ఫ్యాక్ట్ చెకర్లు కాసేపటికే ఆ పేజీ వదిలేసి పక్కన కొత్త ట్యాబ్ తెరిచారు. ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు అవతలివాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నది విని ఊరుకోం, ఆ ఊళ్లో తెలిసినవాళ్ల చెవిన వేసి ఆరా తీస్తాం. ఇదీ అంతే. తర్వాత అదే బృందం 3,446 మంది హైస్కూలు పిల్లలకు అమెరికా ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగిందంటూ ఒక మసక వీడియో చూపించింది. అది నిజానికి రష్యాలో తీసింది. చేతిలో ఇంటర్నెట్ ఉంది, వెతుక్కోవచ్చని ముందే చెప్పారు. అయినా 52 శాతం మంది అది గట్టి సాక్ష్యమే అన్నారు. అది ఎక్కడిదో వెతికి పట్టుకున్నది ముగ్గురే ముగ్గురు. ఫోన్‌తో పుట్టి పెరగడం ఇందులో వాళ్లకు ఏ విధంగానూ అక్కరకు రాలేదు.

అయితే ఒక రోజు అవగాహన సదస్సు పెట్టి, ఫ్లెక్సీ కట్టి, ఫోటో తీయించుకుంటే సరిపోతుందా? మన దగ్గర ఎక్కువగా జరిగేది అదే కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడం అవసరం. జవాబు బీహార్‌లో దొరికింది, అదీ రెండు విడతల్లో. 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో సుమిత్రా బద్రినాథన్ అనే పరిశోధకురాలు అక్కడ 1,224 మందితో ప్రయోగం చేశారు. ఇళ్లకు వెళ్లి దాదాపు గంటసేపు కూర్చోబెట్టి, ఫోటో అసలుదో కాదో వెతకడం, వార్త సరిచూసుకోవడం నేర్పించారు. పోలింగ్ అయ్యాక మళ్లీ వెళ్లి పరీక్షిస్తే, నేర్చుకున్నవాళ్లకూ నేర్చుకోనివాళ్లకూ మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంతటితో ఆగిపోతే, ఇవన్నీ నేర్పినా దండగే అనేవాళ్ల మాట నెగ్గేది. కానీ ఆమె, ప్రియదర్శి అమర్, సైమన్ షోషార్డ్, ఫ్లోరియన్ సిషార్ట్ కలిసి ఇంకో ప్రయోగానికి పూనుకున్నారు. ఈసారి పెద్దవాళ్లను కాకుండా బడి పిల్లల్ని ఎంచుకున్నారు. గంటకు బదులు 14 వారాల కార్యక్రమం పెట్టారు. ఇంటి గడప మీద కాకుండా గ్రంథాలయంలో, తరగతిగా కూర్చోబెట్టి చెప్పారు. మన దగ్గర పొదుపు సంఘాల్ని చూసే సెర్ప్ లాంటి సంస్థ బీహార్‌లో జీవిక. అది పల్లెల్లో నడిపే గ్రంథాలయాలే తరగతి గదులయ్యాయి. 583 గ్రామాల నుంచి 13,500 మందికి పైగా పిల్లలు ఇందులో పాల్గొన్నారు. కొందరికి సమాచారం సరిచూసుకునే పాఠాలు, పోల్చి చూడటానికి మిగిలినవాళ్లకు ఇంగ్లిష్ పాఠాలు చెప్పారు.

ఈసారి ఫలితం గట్టిగా వచ్చింది. పాఠాలు విన్న పిల్లలు నిజాన్నీ అబద్ధాన్నీ వేరు చేయడంలో స్పష్టంగా మెరుగయ్యారు. జబ్బు చేస్తే ఏ వైద్యం మీద ఆధారపడాలన్న విషయంలో వాళ్ల ఆలోచన మారింది. నాలుగు నెలల తర్వాత చూసినా ఆ నేర్పు నిలిచే ఉంది. పాఠాలన్నీ ఆరోగ్యం చుట్టూ తిరిగినవే అయినా, ఎవరూ చెప్పని రాజకీయ వార్తల్ని కూడా వాళ్లు మెరుగ్గా అంచనా వేయగలిగారు. అన్నిటికన్నా నన్ను కదిలించిన సంగతి, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో కూడా మార్పు కనబడటం. తరగతిలో కూర్చున్నది పిల్ల, నేర్చుకున్నది ఇల్లు. అదే రాష్ట్రం, అవే అబద్ధాలు, కానీ గంటసేపటి మాటలకూ పద్నాలుగు వారాల చదువుకూ ఇంత తేడా వచ్చింది. ఏ విద్య అయినా పదేపదే చేస్తేనే పట్టుబడుతుంది. ఎక్కాలు ఒక్క రోజు సదస్సులో నేర్పించాలని ఎవరూ అనుకోరు, ఈ విషయంలోనే ఎందుకు అనుకుంటున్నామో తెలియదు.

అసలు ఆ తరగతిలో ఏం చెప్పాలి? కంప్యూటర్ పాఠం అంటే ఇప్పటికీ సీపీయూ భాగాల పేర్లు బట్టీ పట్టించడం, బొమ్మలో రంగులు నింపించడం దగ్గరే ఆగిపోయిన బడులు ఉన్నాయి. దానికి బదులు ఒక పీరియడ్ ఇలా నడిచిందనుకోండి. వరదల రోజుల్లో ఒక ఫోటో వాట్సాప్‌లో వచ్చింది, ఫలానా వంతెన కొట్టుకుపోయిందని కింద రాసి ఉంది. టీచర్ ముందు మెసేజ్ పైన ఉన్న బాణం గుర్తులు చూపిస్తారు. రెండు బాణాలుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, పంపినవాడు మన బాబాయే అయినా రాసింది ఆయన కాదు. తర్వాత ఫోటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి, అదే బొమ్మ ఇంతకు ముందు ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ కనబడిందో పిల్లల చేత వెతికిస్తారు. నాలుగేళ్ల కిందటి తేదీతో మరో రాష్ట్రం పేరుతో అదే ఫోటో బయటపడితే తరగతిలో పుట్టే గోల ఏ ఉపన్యాసంతోనూ పుట్టదు. పాత తేదీ దొరకనంత మాత్రాన అది నిజమైపోదన్న సంగతీ అక్కడే చెప్పాలి. జిల్లా పేరు, వంతెన పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి కొట్టి వెతికించాలి, ఎందుకంటే ఒక లిపిలో దొరకని వార్త రెండోదాంట్లో దొరుకుతుంది. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ రాస్తున్నాయి, వాటిని తెరిచి చూపించాలి. మరో రోజు తెలుగు వాచకం పీరియడ్‌లోనే యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీది మాట ఒకటి బోర్డు మీద రాసి, వీడియోలో ఆ మాట నిజంగా ఎక్కడైనా ఉందా అని అడగాలి. ఇంకో రోజు డబ్బు సంగతి. యూపీఐలో మనకు డబ్బు రావాలంటే పిన్ కొట్టాల్సిన పనే లేదు, పిన్ అడిగారంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. ఈ ఒక్క వాక్యం ఇంట్లో అమ్మకూ తాతకూ చెప్పి రమ్మనడమే ఆ రోజు హోంవర్క్. మోసపోతే వెంటనే చేయాల్సిన 1930 నంబరు నోట్‌బుక్ వెనక అట్ట మీద రాయించాలి.

ఏఐ వచ్చేసింది, అడిగితే అదే చెబుతుంది, ఇక ఈ వెతుకులాట దేనికి అని కొందరంటున్నారు. వెతుకులాట మరింత అవసరమైందే ఏఐ రావడం వల్ల. తెలియని విషయాన్ని కూడా తడుముకోకుండా, తెలిసినట్టే చెప్పే గుణం ఆ యంత్రాలకు ఉంది. లేని తీర్పులను పుట్టించి ఆధారాలుగా చూపించిన సందర్భాలు కోర్టుల దాకా వెళ్లాయి. ఇది పిల్లలకు చెబితే అర్థం కాదు, చేయించాలి. తమ ఊరి చెరువు గురించి, గుడి గురించి, ఊరికి ఆ పేరెందుకొచ్చిందో చాట్‌బాట్‌ను అడిగించి, ఆ జవాబు పట్టుకుని ఊళ్లో పెద్దవాళ్ల దగ్గరికీ, గ్రంథాలయంలోని జిల్లా చరిత్ర పుస్తకం దగ్గరికీ పంపాలి. ఏది ఒప్పో ఏది తప్పో పిల్లలే ఎర్ర సిరాతో దిద్దుకొస్తారు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. నిజం ఏదో, అబద్ధం ఏదో తేల్చే అధికారం ప్రభుత్వ బడికి ఇస్తే, రేపు పాలకులకు నచ్చని వార్తల్నే అబద్ధాలని నేర్పరా? ఈ భయం కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే పాఠం తీర్పులు చెప్పకూడదు, పద్ధతి చెప్పాలి. ఫలానా చానల్‌ను నమ్మొద్దు అనడం ప్రచారం. ఏ చానల్ చెప్పినా ఎవరన్నారు, దేనికన్నారు, ఇంకెవరైనా అదే చెబుతున్నారా అని ప్రశ్నించుకో అనడం చదువు. ప్రభుత్వ ప్రకటనలకు, ఎమ్మెల్యే గారి ఫ్లెక్సీకి కూడా అవే ప్రశ్నలు వర్తించాలి. కేరళ అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. 2017లో తట్టు, రుబెల్లా టీకాల మీద వాట్సాప్ పుకార్లు చెలరేగి చాలామంది తల్లిదండ్రులు వెనక్కి తగ్గారు. ఆ మరుసటి ఏడు కన్నూరు కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ చొరవతో దాదాపు 150 ప్రభుత్వ పాఠశాలల్లో సత్యమేవ జయతే పేరుతో పాఠాలు మొదలయ్యాయి. 2022లో ఆ రాష్ట్రపు విద్యా సాంకేతిక సంస్థ కైట్ అదే పేరుతో 5 నుంచి 10 తరగతుల దాకా దాదాపు 20 లక్షల మంది పిల్లలకు వీటిని చేర్చింది. అతి అనుమానం అంటుకుని పిల్లలు దేన్నీ నమ్మకుండా పోతారన్న భయం కూడా కొందరికి ఉంది. అందుకే పరీక్షలో అబద్ధం వార్తలతోపాటు నిజమైన వార్తలూ కలపాలి. నిజాన్ని నిజమని గుర్తించినందుకు కూడా మార్కు ఉండాలి.

పుకార్ల బెడద మనకు దూరపు సంగతి కూడా కాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లతో తెలుగు రాష్ట్రాల పల్లెలు కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. కొత్త ముఖం కనబడితే చాలు కొట్టారు, అమాయకుల ప్రాణాలు పోయాయి. అప్పట్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరా పంపి, డప్పు చాటింపుతో, జానపద పాటలతో ఆ వదంతుల్ని ఎదుర్కొన్నారు. మెచ్చుకోదగ్గ పని. కానీ మంటలు లేచాక పోలీసులు పరిగెత్తాల్సి వచ్చిందంటే, అంతకు ముందు పదేళ్లు బడిలో కూర్చున్నవాళ్లకు మనం ఏం నేర్పామన్న ప్రశ్న మిగిలిపోతుంది.

అక్షరాలే సరిగా రాని పిల్లలకు ఇవన్నీ ఎందుకు, ముందు చదవడం నేర్పండి అనేవాళ్ల బాధ న్యాయమైనదే. అసర్ 2023 నివేదిక ప్రకారం 14 నుంచి 18 ఏళ్లవాళ్లలో పావువంతు మంది మాతృభాషలో రెండో తరగతి పాఠం కూడా తడబడకుండా చదవలేరు. కానీ చదవలేనివాళ్లు ఫోన్ చూడటం మానేయలేదు. చదవలేరు కాబట్టే వీడియో ఏది చెబితే అది వింటున్నారు. వాళ్లకే ఈ చదువు ముందు కావాలి, అదీ మాటతో, బొమ్మతో మొదలుకావాలి. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే, అమ్మాయిల్లో అది 19.8 శాతమే. అన్నయ్య ఫోన్ ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిన అమ్మాయికి, ఎవరి అనుమతీ అడగకుండా కూర్చుని వెతుక్కునే చోటు కావాలి. ఊళ్లో అలాంటి చోటు గ్రంథాలయమే.

గ్రంథాలయం అంటే పాత పుస్తకాలు, రిటైరైన పెద్దమనుషులు చదివే పేపర్లు, ఉద్యోగాల పరీక్షలకు తయారయ్యే కుర్రాళ్లు అన్న ఊహ స్థిరపడిపోయింది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చూసినా, జిల్లా కేంద్రాల్లో చూసినా పోటీ పరీక్షలవాళ్లే కిటకిటలాడుతుంటారు. వాళ్లకూ చోటు కావాలి, కాదనను. అయితే తెలుగునాట గ్రంథాలయోద్యమం పుట్టింది ఇంతకన్నా పెద్ద పనికి. 1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధుల్ని మొదటిసారి సమావేశపరిచారు. ఆ తరం గ్రంథాలయాల్లో చదువురానివాళ్లకు పత్రికలు చదివి వినిపించేవారు, రాత్రి బడులు నడిపేవారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊళ్లకు చేర్చే ఏర్పాటు చేశారు. లోకంలో ఏం జరుగుతోందో సామాన్యుడికి సరిగ్గా తెలియజేయడమే అప్పటి గ్రంథాలయం తన బాధ్యతగా పెట్టుకుంది. ఇవాళ వార్తకు కొరత లేదు, ఏది నమ్మాలో తేల్చుకునే సాయానికే కొరత. ఆ సాయం చేసే మనిషి గ్రంథపాలకుడే కావాలి. ఏ సంగతి ఏ పుస్తకంలో దొరుకుతుందో, ఏ ఆధారం ఎంత గట్టిదో చూడటమే ఆయన వృత్తివిద్య.

టీచర్లకు ఇప్పటికే పని భారం ఉందన్నది నిజం. భోజనాల ఫోటోల నుంచి హాజరు యాప్‌ల దాకా వాళ్ల నెత్తిన పడినవి చాలు. అందుకే కొత్త సబ్జెక్టు, కొత్త పాఠ్యపుస్తకం, కొత్త పరీక్ష వద్దు. తెలుగులో, సాంఘికంలో, సైన్సులో ఉన్న పాఠాల్లోనే ఈ ప్రశ్నలు చేర్చి, మిగతా సాధన గ్రంథాలయానికి అప్పగించవచ్చు. చాలా ప్రభుత్వ బడుల్లో లైబ్రేరియన్ పోస్టే లేదు, ఉన్న పుస్తకాలు బీరువాలో తాళం వెనక ఉన్నాయి. కాబట్టి దగ్గర్లోని శాఖా గ్రంథాలయంతో బడిని ముడిపెట్టాలి. వారానికొక తరగతి వంతున పిల్లలు అక్కడికి వెళ్లాలి, గ్రంథపాలకులకు దీని మీద శిక్షణ ఇవ్వాలి, ఖాళీగా ఉన్న వాళ్ల పోస్టులు నింపాలి. నాలుగు కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ కనెక్షన్ ఉంటే మొదలుపెట్టవచ్చు.

డబ్బు ఎక్కడిదంటే, దారి చట్టంలోనే ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. పంచాయతీలు, మునిసిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల అది జమ కాక బకాయిలు పేరుకుపోతున్నాయి. ఈసారి ఇంటిపన్ను కట్టినప్పుడు రసీదులో గ్రంథాలయ పన్ను ఎంత వేశారో చూడండి. అది మీ ఊరి గ్రంథాలయానికి చేరిందా అని పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఆ తర్వాత మీ పిల్లల హెడ్‌మాస్టరు గారితో, శాఖా గ్రంథపాలకుడితో మాట్లాడి, వారానికి ఒక్క గంటన్నర ఈ పిల్లల కోసం కేటాయించమనండి.